లీటరుకు ఆరు సాధించడం ఎలా?

పికప్ కొన్న కొత్తలో ప్రతివాడూ ఒక పొరపాటు చేస్తాడు. కంపెనీ చెప్పిన మైలేజీ రావడం లేదని సర్వీసు సెంటరుకెళ్లి పోట్లాడతాడు. ఆ అంకె ఎక్కడ పుట్టిందో తెలిస్తే పోట్లాడడు. బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపేసి, 1,180 సెకన్లు ఒక లెక్క ప్రకారం నడిపి కొలుస్తారు. అందులో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. 1,180 సెకన్లంటే ఇరవై నిమిషాలకు కాస్త తక్కువ. వాన పడిన సాయంత్రం ఆరున్నరకు ఐకియా జంక్షన్‌లో ఒక్క మలుపు తిరగడానికే అంత పడుతుంది. కాబట్టి ఆ అంకెను జాతకంలో రాజయోగంలా చూసి మురిసి, మడిచి లోపల పెట్టండి. మన లక్ష్యం వేరు. హైలక్స్ అయినా వీ-క్రాస్ అయినా, ఊళ్లో బుద్ధిగా నడిపితే తొమ్మిదో పదో ఇచ్చే బండి చేత ఆరు ఇప్పించడం. దీనికి సాధన కావాలి.

అసలు మనవాళ్ల ఓపికను ముందు మెచ్చుకోవాలి. 1998 నవంబర్‌లో వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి చుట్టూ బండలూ తుప్పలూ. ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కు అప్పుడు ఇక్కడ పని ఉండేది. ఎవరూ తొందరపడలేదు. బండలు పగిలి, ఫ్లైఓవర్లు లేచి, 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన కూడా వచ్చి, రోడ్డు అద్దంలా అయ్యాక అప్పుడు కొన్నారు. తడ పక్కన శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న వీ-క్రాస్ కొందరు, 2022లో వచ్చిన హైలక్స్ కొందరు. వెనక అంత పెద్ద తొట్టి ఉంటుందా, అందులో ల్యాప్‌టాప్ బ్యాగు కూడా పెట్టరు. ఎవడైనా ఎత్తుకుపోతాడని.

మొదటి సలహా అక్కడే మొదలవుతుంది. తొట్టి ఖాళీగా ఉంచకండి. వించ్, ఇనుప గొలుసు, రెండో స్టెప్నీ, మడత గుడారం, ఎప్పుడో గండికోట వెళ్దామనుకున్నప్పుడు కొన్న బొగ్గుల పొయ్యి, అన్నీ శాశ్వతంగా అందులోనే ఉండాలి. మామూలు కారులో 45 కిలోల అదనపు బరువుకు మైలేజీ ఒక శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. రెండు టన్నుల పికప్‌కు అంత దెబ్బ తగలదు, కనుక 45తో సరిపెట్టుకోకండి. ముందు లావుపాటి ఇనుప బంపర్ కూడా వేయించండి. గాలికి అడ్డం, బరువు, రెండూ ఒక్క ఖర్చులో.

తొట్టి వెనక తలుపు సంగతి చాలామందికి తెలియదు. అది దించి నడిపితే గాలి సాఫీగా వెళ్లిపోయి డీజిల్ మిగులుతుందని పెద్దలు చెబుతారు. చూడటానికి అబద్ధం అతికినట్టే ఉంటుంది. నిజానికి తలుపు మూసి ఉన్నప్పుడు తొట్టిలో గాలి సుడి తిరుగుతూ మెత్తటి మూతలా కూర్చుంటుంది, పైనుంచి వచ్చే గాలి దాని మీదుగా జారిపోతుంది. తలుపు దించితే ఆ సుడి చెదిరిపోతుంది. మిత్‌బస్టర్స్ టీవీ కార్యక్రమం వాళ్లు రెండు పికప్‌లు ఫుల్ ట్యాంకుతో నడిపి చూశారు కూడా. తలుపు దించిన బండే ముందు ఆగిపోయింది. కాబట్టి దించే నడపండి. వెనకొచ్చే బైకువాడి మోకాళ్ల గురించి ఆలోచించకండి.

ఇక అసలు విద్య కుడికాలిలో ఉంది. మైండ్‌స్పేస్ దగ్గర సిగ్నల్ పచ్చబడగానే అంతా తొక్కేయాలి. నాలుగు వందల అడుగుల దూరంలో ఎర్రలైట్లు కనబడుతుంటాయి, ఫరవాలేదు, 50 దాకా లాగి అప్పుడు బ్రేకు వేయండి. రెండు టన్నుల బండిని సున్నా నుంచి 50కి తేవడానికి సుమారు 20 మిల్లీలీటర్ల డీజిల్ ఖర్చవుతుంది, పిల్లల దగ్గుమందు మూతతో రెండు మూతలు. బ్రేకు తొక్కగానే ఆ రెండు మూతలూ డిస్కుల వేడిగా మారి గాలిలో కలిసిపోతాయి. యాభై సార్లు చేస్తే లీటరు. కొత్తగూడ నుంచి గచ్చిబౌలి దాకా ఒక పూటలో యాభై అసాధ్యమేమీ కాదు, నేను సాధించాను.

ఒకసారి ఇదే సాధనలో ఉండగా పక్క వరసలో వాటర్ క్యాన్ల బొలెరో ఆగింది. డ్రైవరు అద్దం దించమని సైగ చేశాడు.

"అన్నా, ముందల రెడ్డే ఉంది గదా. గంతగనం తొక్కుడెందుకు?"

"పికప్ కదా తమ్మీ, పవర్ ఉంటది."

"నాది గూడ పికప్పే అన్నా."

వెనక క్యాన్ల బరువుతో ఉన్న ఆ బండి రెండో గేరులో, బ్రేకు అంటకుండా, నెమ్మదిగా దొర్లుకుంటూ పోయింది. సిగ్నల్ పచ్చబడే వేళకు సరిగ్గా గీత దగ్గర ఉంది, ఆగలేదు. ఇలాంటివాళ్ల మాట వింటే లీటరుకు పదకొండు వచ్చే ప్రమాదం ఉంది. డీజిల్ డబ్బులు సొంత జేబులోంచి పోయేవాళ్లకు ఈ జబ్బు సహజం.

టైర్లలో గాలి గురించి ఎక్కువ చెప్పను. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కరు మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. కాబట్టి ఆ తలుపు తీసినప్పుడు అటు చూడకండి. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పోతుంది. చిన్న మొత్తమే, కానీ నెలల తరబడి నిలకడగా పొదుపు చేస్తే పెరుగుతుంది. అంతకన్నా త్వరగా ఫలితం కావాలంటే కంపెనీ టైర్లు పీకించి, బురదలో తిరిగే పెద్ద గళ్ల టైర్లు వేయించండి. తారు రోడ్డు మీద అవి తేనెటీగల తుట్టెలా మోగుతాయి, దొర్లడానికి మొరాయిస్తాయి. ఇంకో తమాషా ఏమిటంటే, పెద్ద టైరు ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. బండి వంద తిరిగితే మీటరు తొంభై అయిదు అంటుంది. అంటే నిజంగా పడిపోయిన దానికన్నా మైలేజీ ఇంకా తక్కువ కనిపిస్తుంది. లెక్కలో ఆరు రావడానికి ఇది అడ్డదారి. పరీక్షలో స్లిప్పు పెట్టినట్టే, కానీ ఎవరూ పట్టుకోరు.

ఖాజాగూడ దిగుడులో న్యూట్రల్ చేయడం మన నాన్నల కాలం నుంచి వస్తున్న సంప్రదాయం, వదులుకోకండి. ఇప్పటి ఇంజిన్ గేరులో ఉండి కాలు తీసేస్తే డీజిల్ చిమ్మడం పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే దాన్ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో మాత్రం తనంతట తాను తిరగాలి కనుక తాగుతూనే ఉంటుంది. పైగా దిగుడులో బండి మీద పట్టు పోతుంది. ఒక్క దెబ్బకు రెండు నష్టాలు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితిని 2023లో 120కి పెంచారు. దాన్ని హక్కుగా కాదు, బాధ్యతగా తీసుకోండి. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 90లో ఉన్నదానికి 120లో దాదాపు 78 శాతం ఎక్కువ. ఎత్తుగా, గోడలా ఉండే పికప్ ముక్కుకు ఈ సూత్రం తల్లిపాల లాంటిది. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా పాతిక కిలోమీటర్లలో ఇలా మిగిలేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగూ విమానాశ్రయంలో పార్కింగ్ వెతుకుతూ ఖర్చు పెట్టుకోవచ్చు.

అయితే ఔటర్ ఎక్కడం అతి చేయకండి, దాంట్లో ఒక చిక్కుంది. బీఎస్6 డీజిల్ బండి సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. మసి నిండాక ఇంజిన్ అదనంగా డీజిల్ మండించి, దాన్ని 600 డిగ్రీల వేడికి తెచ్చి కాల్చేస్తుంది. వారానికోసారి అరగంట హైవే మీద తిప్పితే ఈ పని చాలావరకు సాఫీగా అయిపోతుంది. మనం అలా కాకుండా కొండాపూర్ నుంచి మాదాపూర్‌కు నాలుగు కిలోమీటర్లు, మళ్లీ నాలుగు, ఇంజిన్ వేడెక్కే లోపే ఆపేస్తూ నడపాలి. మసి త్వరగా నిండుతుంది. కాల్చడం మొదలయ్యాక మధ్యలో తాళం తిప్పేయాలి, మర్నాడు అది మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఇలా తాగే డీజిల్ ఎవరి లెక్కలోనూ కనబడదు. కొంత వెళ్లి ఇంజిన్ ఆయిల్లో కూడా కలుస్తుంది. పసుపు లైటు వెలిగితే దాని మీద చిన్న వినాయకుడి బొమ్మ అంటించుకోండి.

ఇరానీ చాయ్ దగ్గర ఇంజిన్ ఆపొద్దు. ఏసీతో నిలబడితే గంటకు సుమారు లీటరు. మేలో లోపల చల్లగా ఉంటుంది, బయటివాళ్లకు వేడిగాలి దానం చేసినట్టూ ఉంటుంది. వాన చినుకు పడగానే ఫోర్ వీల్ డ్రైవ్ వేసేయండి, ఆగాక తీయడం మర్చిపోండి. గట్టి రోడ్డు మీద ముందు ఇరుసూ వెనక ఇరుసూ మలుపుల్లో ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి. టైరూ గేరూ డీజిలూ కలిసి అరుగుతాయి.

ఇన్ని చేశాక ఆరు వచ్చి తీరుతుంది. ఆ రోజు నుంచి ఎవరడిగినా తప్పు బండిదే అనండి, ఆడలేని వాడికి మద్దెల ఎప్పుడూ ఓడే. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆరు అని ఒప్పుకోనక్కర్లేదు. తీగల వంతెన దాటి దిగుడు మొదలయ్యే చోట ట్రిప్ మీటరు సున్నా చేసి, రెండు వందల మీటర్లు కాలు పెట్టకుండా దొర్లి, డిస్‌ప్లే ఫోటో తీసుకోండి. ఇరవై నాలుగూ చిల్లర చూపిస్తుంది. గ్రూపులో పెట్టేముందు ఫోటో కింది భాగం కత్తిరించడం మర్చిపోకండి. రిజర్వు లైటు అక్కడే వెలుగుతూ ఉంటుంది.