ఈ సంప్రదాయాన్ని మీకు సమర్పిస్తున్నవారు...

2023లో అమెరికాలో కొంప మునిగింది. మేజర్ లీగ్ బేస్‌బాల్ మైదానంలో గడియారం పెట్టారు. బేసుల మీద ఎవరూ లేకపోతే పిచ్చరు 15 సెకన్లలో బంతి విసరాలి, ఎవరైనా ఉంటే 20లో. ఆ 20ని మరుసటి ఏడు 18కి కోశారు. బ్యాటరు కూడా ఎనిమిది సెకన్లు మిగిలి ఉండగానే సిద్ధంగా నిలబడాలి. పిచ్చరు ఆలస్యం చేస్తే ఒక బాల్, బ్యాటరు చేస్తే ఒక స్ట్రయిక్. నాలుగు బాల్స్ అయితే బ్యాటరుకి ఒకటో బేసుకి ఉచిత నడక, మూడు స్ట్రయిక్స్ అయితే అవుట్.

సంప్రదాయ పరిరక్షకులు గుండెలు బాదుకున్నారు. కాలానికి అతీతమైన ఆటకి గడియారమా! పిచ్చరు టోపీ సర్దుకోవడం, మట్టి తన్నడం, క్యాచరు సైగకి అడ్డంగా తలూపడం, బ్యాటరు గ్లవ్సు పట్టీ ఊడదీసి మళ్లీ బిగించి ఉమ్మడం... ఇన్నాళ్లూ ఇదంతా కాలక్షేపం అనుకున్నాం. కాదట, ఆట ఆత్మ అట.

సీజనుకు ముందు సన్నాహక మ్యాచుల్లోనే ఆ ఆత్మ ఘోషించింది. అట్లాంటా, బోస్టన్ జట్లు 6–6 మీదున్నాయి. తొమ్మిదో ఇన్నింగ్స్, బేసులన్నీ నిండి ఉన్నాయి, ఇద్దరు అవుట్, మూడు బాల్స్, రెండు స్ట్రయిక్స్. అంపైరు చెయ్యెత్తాడు. తప్పు పిచ్చరుదే, గెలిచేశాం అనుకుని బ్యాటరు ఒకటో బేసు వైపు నడక కట్టాడు. కాదు నాయనా, ఆలస్యం నీదే, మూడో స్ట్రయిక్, ఇంటికి పదండి అన్నాడు అంపైరు. మ్యాచ్ అక్కడితో సరి.

ఘోరమే, ఒప్పుకుందాం. కానీ ఈ సంప్రదాయం వయసెంత? ఒకప్పుడు పిచ్చరు చెయ్యెత్తి విసరకూడదు. బ్యాటరు హోటల్లో ఆర్డరిచ్చినట్టు బంతి పైకి కావాలో కిందికి కావాలో చెప్పేవాడు. తొమ్మిది బాల్స్ పడితే గాని నడక దక్కేది కాదు, నాలుగయింది 1889లో. బంతికి ఉమ్ము రాయడం 1920లో నిషేధించారు, అదీ అప్పటికే ఆ విద్యలో ఆరితేరినవాళ్లకి మినహాయింపులిచ్చి. 1968లో పిచ్చర్లు మరీ చెలరేగిపోతే మరుసటి ఏడే వాళ్లు నిలబడే దిబ్బ ఎత్తుని 15 అంగుళాల నుంచి 10కి తవ్వేశారు. ఆట పుట్టుక కథ కూడా ఒక కమిటీ రాసిన స్థలపురాణమే. 1839లో కూపర్స్‌టౌన్‌లో అబ్నర్ డబుల్‌డే కనిపెట్టాడని 1907లో మిల్స్ కమిషన్ తేల్చింది. ఆ 1839లో డబుల్‌డే గారు వెస్ట్ పాయింట్ సైనిక అకాడెమీలో చదువుకుంటున్నారు. అయితేనేం, హాల్ ఆఫ్ ఫేమ్ ఆ ఊళ్లోనే వెలిసింది.

అసలు గడియారం కొత్తదేం కాదు. బేసులు ఖాళీగా ఉంటే 12 సెకన్లలో విసరాలని నిబంధనల పుస్తకంలో ముందే ఉంది. రాసుకున్న ఆ నియమాన్ని అందరూ మరిచారు. ఎక్కడా రాసుకోని మరో నియమాన్ని మాత్రం ఒక్క యజమానీ మరవలేదు: నల్లజాతి ఆటగాడిని రానివ్వకూడదు. 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జాకీ రాబిన్సన్‌ని దింపేదాకా సుమారు ఆరు దశాబ్దాలు ఆ ఆచారం ఒక్క బంతి తప్పకుండా సాగింది. పవిత్రత అంటూ కళ్లొత్తుకునేవాళ్లు ఈ అధ్యాయం దగ్గరికి రాగానే పేజీ తిప్పేస్తారు.

అలాగని గడియారం తెచ్చినవాళ్లకి హారతి పట్టక్కర్లేదు. మూడు గంటలు దాటే మ్యాచ్ సుమారు 2 గంటల 40 నిమిషాలకు దిగింది, 2023లో ప్రేక్షకులు 7 కోట్లు దాటారు, సంతోషం. మరి పిచ్చరు 15 సెకన్లు దాటితే దండన వేసే లీగు, అర ఇన్నింగ్స్ ముగిసిన ప్రతిసారీ ప్రకటనలకి ఎంత ఇస్తోంది? రెండు నిమిషాల పైన. మ్యాచ్ మొత్తానికి అరగంట పైమాటే. ఐపీఎల్ స్ట్రాటజిక్ టైమవుట్‌లో వ్యూహం ఎవరిదో తెలిసిన మనకి ఇది విడమర్చి చెప్పాలా!

న్యూయార్క్ యాంకీస్ చొక్కా ఉందే, అది మడిబట్ట. దాని మీద ఆటగాడి పేరుండదు, జట్టే గొప్పది గనక. బేబ్ రూత్ పేరు పడలేదు, డెరెక్ జీటర్ పేరూ పడలేదు. 2023లో ఆ చొక్కా చేతి మీదికి ఒక బీమా కంపెనీ పేరు ఎక్కింది. గడ్డం మాత్రం అప్పటికీ మైలే. ఆటగాళ్లు గడ్డం పెంచడానికి 2025 దాకా ఆగాల్సి వచ్చింది. బీమా కంపెనీని ఎవరూ గీసుకు రమ్మనలేదు.

ఇక బీరు. ఏడో ఇన్నింగ్స్ తర్వాత అమ్మకం ఆపడం చాలా స్టేడియాల్లో ఆచారం, తాగినవాడికి కారెక్కేలోగా కాస్త దిగాలి కదా. ఆట పొట్టిదయితే అమ్మకం ఇంకా ముందే ఆపాలి. మిల్వాకీ, టెక్సస్ లాంటి జట్లు ఎనిమిదో ఇన్నింగ్స్‌దాకా పొడిగించాయి. ఆట తొందరగా ముగుస్తుంటే అమ్మకాన్ని ఆరో ఇన్నింగ్స్‌కి జరపాలి గాని ఎనిమిదికి ఎలా జరుపుతారని అప్పటి ఫిలడెల్ఫియా పిచ్చరు మాట్ స్ట్రామ్ అడిగాడు. గుండెలు బాదుకున్న పెద్దలేరీ అని చూస్తే, క్యూలో ఉన్నారు, కౌంటర్ మూసేలోగా ఇంకో కప్పు కోసం.