బావి ఉన్న ఇల్లు, అద్దె లేకుండా

పెద్ద సినిమాకి కథ రాసుకున్నాక లొకేషన్ వెతుకుతారు. షార్ట్ ఫిల్ముకి ఊరికే దొరికిన లొకేషన్లో కథని సర్దుతారు. స్క్రిప్టు రాసేటప్పుడు ఈ సత్యం ఎవరికీ తట్టదు. కాగితం మీద ఖర్చేముంది? అందుకే మొదటి సీనులోనే "తెల్లవారుజాము. మండువా లోగిలి. పెరట్లో బావి. పక్కన వేపచెట్టు. దూరంగా రైలు. నాయిక నిశ్శబ్దంగా ఏడుస్తుంది" అని రాశాను. మా కెమెరామన్ చదివి కళ్లు తుడుచుకున్నాడు. మా బావమరిది చదివి, "డీజిలెవరు కొట్టిస్తారు బావా?" అన్నాడు. కారు అతనిది. కాబట్టి ప్రొడక్షన్ మేనేజరూ అతనే.

రెక్కీ కొవ్వూరు దగ్గర కుమారదేవంలో మొదలుపెట్టాం. వందల సినిమాల్లో కనిపించిందని చెప్పుకునే నిద్రగన్నేరు చెట్టు ఆ ఊరి గోదావరి గట్టుదే. సుమారు 150 ఏళ్లు నిలబడి, అన్ని డ్యూయెట్లనూ ఓర్చుకుని, 2024 ఆగస్టులో కూలిపోయింది. "మన వంతు వచ్చేదాకా ఆగలేకపోయింది" అని నిట్టూర్చాడు కెమెరామన్.

అక్కణ్ణుంచి భీమవరం వైపు సాగాం. ఊరు కనిపిస్తే చాలు, కెమెరామన్ కారు ఆపించి, వేళ్లతో చట్రం కట్టి, ఒంటికన్నుతో పొలాల్లోకి చూస్తాడు. వెనక మేం ఫోన్లో మ్యాపు తెరుస్తాం. అయిదు నిమిషాల్లో జనం పోగవుతారు.

"బైపాస్ ఎటునుంచండీ?"

"మా చేను పోద్దాండీ?"

షార్ట్ ఫిల్మండీ అంటే నమ్మితే కదా! "అలాగే చెబుతారు లెండి, ఆయ్. ఎకరానికి ఎంతిస్తారో అది చెప్పండి" అన్నాడొక పెద్దాయన. మా బడ్జెట్టంతా పోసినా ఆయన పొలంలో గట్టు కూడా రాదు.

మండువా లోగిళ్లు లేకపోలేదు. తాళాలేసి ఉన్నాయి. మాకు నచ్చిన ఇంటి తాళంచెవి పక్కింటావిడ దగ్గరుంది, అనుమతి డాలస్‌లో ఉంది. వీడియో కాల్లో యజమాని ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "తప్పకుండా తీసుకోండి. మా నాన్నగారి ఫోటో మాత్రం ప్రతి సీనులోనూ కనపడాలి. బావి అంటారా, పిల్లలు పడతారని పూడ్పించేశాం. పైన ప్లాస్టిక్ ట్యాంకు ఉంది, కావాలంటే దాన్ని వాడుకోండి." వేపచెట్టు వేళ్లు ప్రహరీని లేపేస్తున్నాయని దాన్నీ కొట్టించేశారట. ఒక్క ఫోను కాల్తో స్క్రిప్టులో సగం పోయింది.

మిగతా సగం సౌండు కుర్రాడు తీసేశాడు. మర్నాడు తెల్లవారకముందే వెళ్లి చూశాం. కొబ్బరిచెట్లు, చెరువుల మీద పొగమంచు. కెమెరామన్ మైమరచిపోయాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. అవి రొయ్యల చెరువులు. తెల్లవారేవేళకి నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది కనక సరిగ్గా మా సీను టైముకే ఏరేటర్లన్నీ హోరెత్తిస్తాయి. పైగా ధనుర్మాసం. గుడి మైకులో తిరుప్పావై. కాసేపు ఏరేటర్లు ఆపుతారా అని కాపలా మనిషిని అడిగాను.

"రొయ్యకి ఊపిరాడకపోతే లక్షలు పోతాయండీ. మీ అమ్మాయి మధ్యాహ్నం ఏడిస్తే ఏం పోద్దండీ?"

జవాబు దొరకలేదు.

రైలు సంగతి త్వరగానే తేలింది. స్టేషన్లో షూటింగుకి రైల్వే జోన్ కార్యాలయం అనుమతి కావాలి, ఫీజు కట్టాలి. ఫీజు అన్నమాట చెవిన పడగానే బావమరిది, "కూత వినిపిస్తే చాలదా బావా?" అన్నాడు.

కెమెరామన్ నాకు ధైర్యం చెప్పబోయాడు. 'పథేర్ పాంచాలి' రైలు సీనుకి సత్యజిత్ రాయ్ రెల్లుపూల మైదానం చూసుకుని, కొంత తీసి, వారం తర్వాత వెళితే పూలన్నీ పశువులు మేసేశాయి. మళ్లీ పూసేదాకా ఏడాది ఆగాడాయన. 1955లో సినిమా బయటికొచ్చింది, ప్రపంచమంతా మెచ్చుకుంది. "మనమూ ఆగుదాం" అన్నాడు.

"సోమవారం కారు పెళ్లివాళ్లకి ఒప్పుకున్నాను" అన్నాడు బావమరిది.

తాళంచెవి తిరిగి ఇవ్వడానికి వెళితే పక్కింటావిడ టీ ఇచ్చి కూర్చోబెట్టింది. "ఇంతకీ ఆ పిల్ల ఎందుకేడుస్తాది బాబూ?" అని అడిగింది. తిరిగినన్నాళ్లలో కథ అడిగిన మొదటి మనిషి ఆవిడే. మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడని చెప్పాను.

"అయితే బావి దగ్గర ఎందుకేడుస్తాది? ఊరంతా చూడదూ? వంటింట్లో ఉల్లిపాయలు తరుక్కుంటా ఏడుస్తాది. అత్తగారికి కూడా తెలీదు."

కెమెరామన్ టీ గ్లాసు కింద పెట్టి వంటింటి కిటికీకేసి వేళ్ల చట్రం పట్టాడు. సౌండు కుర్రాడు చప్పట్లు కొట్టి చూసి తలూపాడు, ఈసారి నిలువుగా. ఆవిడ కూడా ఒప్పుకుంది. షూటింగు అయ్యేదాకా మిక్సీ వెయ్యనంది. ఉల్లిపాయలు మాత్రం మేమే తెచ్చుకోవాలంది.

బావమరిది ఖర్చుల కాగితం తీసి లోగిలి, బావి, చెట్టు, రైలు వరసగా కొట్టేశాడు. కింద 'ఉల్లిపాయలు, రెండు కిలోలు' అని రాసి కాసేపు ఆలోచించాడు.

"ఏడుపు ఒకే టేకులో అయిపోతే కిలో చాలదా బావా?"