చచ్చిన మట్టి కావలసినవారికి

పెరడు చూడముచ్చటగా ఉండాలంటే ముందు మట్టిలో కాపురముంటున్నవాళ్లందరినీ ఖాళీ చేయించాలి. వాళ్లతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, జీతం అడగరు. ఊరికే చాకిరీ చేసేవాళ్లని నమ్మకూడదని ఇల్లు నడిపిన ఎవరికైనా తెలుసు. యూరియాకైతే బిల్లుంటుంది, బస్తా మీద 46 శాతం నత్రజని అని అచ్చు వేసి ఉంటుంది. వానపాము దగ్గర ఏ కాగితం ఉంది?

దానితోనే మొదలుపెట్టండి. వానపాముకి ఊపిరితిత్తులు లేవు, ఒంటి చర్మంతోనే గాలి పీలుస్తుంది. అదీ చర్మం తడిగా ఉన్నంతసేపే. ఈ గుట్టు తెలిస్తే సగం పని అయినట్టే. ఏప్రిల్ రాగానే ఆకూ అలమూ ఊడ్చేసి, నేలని నున్నగా ఎండకి అప్పగించండి. చీపురు గీతలు కనపడాలి, వచ్చినవాళ్లు మెచ్చుకోవాలి. ఊడ్చిన ఆకుల్ని మూలన కుప్పేసి అగ్గిపుల్ల గీస్తే వానపాముల తిండి కూడా పోతుంది, పొగ వీధంతా పంచుకుంటుంది. చార్లెస్ డార్విన్ అంతటివాడు వానపాముల్ని కుండీల్లో పెంచి, ఆ కుండీల్ని పియానో మీద పెట్టి మీటి చూశాడు. సంగీతం వినపడలేదు గానీ, అదురు తగలగానే బొరియల్లోకి దూరిపోయాయట. 1881లో వాటి మీద ఏకంగా ఓ పుస్తకం వేశాడు. పెద్దవాళ్లకీ తీరిక ఎక్కువైతే ఇంతే.

తర్వాత చిక్కుడు, బొబ్బర్ల సంగతి. మొక్క పీకి వేళ్లు కడిగి చూడండి, ఆవగింజంత, మిరియంత బొడిపెలుంటాయి. గోటితో గిల్లితే ఊడొస్తాయి, చీల్చితే లోపల లేత గులాబి రంగు. అందులో రైజోబియం బాక్టీరియా కూర్చుని, గాలిలో నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తుంటుంది. మొక్క దానికి చక్కెర పెడుతుంది. మన పెరట్లో మనకి తెలియకుండా ఇచ్చిపుచ్చుకోవడాలు! దాన్ని రోగమనే అనుకోండి. నులిపురుగు సోకితే వేరే ఉబ్బుతుందని, అది గిల్లినా ఊడదని ఎవరైనా తేడా చెప్పబోతే వినకండి. కాపయ్యాక మొక్కని మొదట్లో కోసి వేళ్లు నేలలో వదిలే పాడలవాటు మానేసి, వేళ్లతో సహా పెకలించి చెత్తబండికి ఇచ్చేయండి.

వేళ్లకి చుట్టుకుని మైకోరైజా అని ఓ బూజు ఉంటుంది. వేరు చేరలేని మూలలకి తన దారాలు చాచి భాస్వరం తెచ్చిస్తుంది. క్యాబేజీ, పాలకూర లాంటి కొన్నింటికి తప్ప దాదాపు ప్రతి మొక్కకీ దీనితో పొత్తు. మట్టిని వారం వారం తిరగేస్తే దారాలు తెగుతాయి, డీఏపీ గుప్పిళ్లతో చల్లితే మొక్కే దాన్ని దగ్గరికి రానివ్వదు. ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

ట్రైకోడెర్మా విషయంలో మాత్రం కాస్త ఓపిక పట్టాలి, ఎందుకంటే దీన్ని మీరే డబ్బిచ్చి కొనుక్కొస్తారు. వేరుకుళ్లు తెచ్చే బూజుల్ని తినే మంచి బూజు ఇది. రెండు కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువులో, 10 కిలోల వేపపిండిలో కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచి వేయమంటారు. అంత తతంగం మనకెందుకు? ముందు పొట్లం మీద గడువు తేదీ చూడకుండా కొనండి. కారు అద్దం కింద మే నెలంతా ఉంచండి. ఆపైన కార్బెండజిమ్‌తో కలిపి ఒకే బకెట్లో వేయండి. ఒకటి బూజు, రెండోది బూజుమందు. అవి అవే తేల్చుకుంటాయి, మీకు ఒక విడత నీళ్లు మోసే పని తగ్గుతుంది.

ఇక జీవామృతం. సుభాష్ పాలేకర్ దీన్ని ఊరూరా చెప్పుకొచ్చారు, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ పొలాల్లోకి తీసుకెళ్లింది. ఎకరానికి లెక్క: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది పిడికెడు మట్టి. నీడలో గోనెపట్ట కప్పి, పూటపూటా కర్రతో కలుపుతూ 48 గంటలు ఉంచి, వారంలోగా వాడేయాలి. పేడలో, మట్టిలో ఉన్న సూక్ష్మజీవులకి బెల్లం, పిండి భోజనం, కలపడం గాలి ఆడటానికి. చెడగొట్టడానికి ఇంత వీలున్న వంటకం మరొకటి లేదు. బెల్లం దండగ అని మానేయండి. ఒక రాత్రి నిలవుంచి క్లోరిన్ పోగొట్టిన నీళ్లు కాకుండా, మున్సిపాలిటీ కుళాయి కిందే డ్రమ్ము పెట్టండి. గోనెపట్ట నాగరికంగా ఉండదు, ప్లాస్టిక్ మూత బిగించి మిద్దె మీద ఎండలో నిలబెట్టండి. మూడో రోజుకి మూత బూరెలా పొంగుతుంది, తీసినప్పుడు ముఖం పక్కకి తిప్పుకోండి. ఆ వాసన పక్కవాటాకి వెళ్లి మాట వస్తే ఒక చెంచా బ్లీచింగ్ పౌడరు వేయండి, మాట ఆగుతుంది, మిగతావన్నీ కూడా ఆగుతాయి. దాన్ని ఏ నెలాఖరుకో పోసి, ఫలితం రాలేదని చుట్టాలందరికీ చెప్పండి. ఇది చాలా ముఖ్యం. సేంద్రియం పనిచేయదని మనసారా నమ్మేవాళ్లలో చాలామంది ఈ దారినే వచ్చారు.

గుళికల మందుల గురించి అడుగుతారేమో. ఫోరేట్‌ని 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు. అయినా దిగులు పడకండి, పైన చెప్పినవి తు.చ. తప్పకుండా పాటిస్తే వాటి అవసరం రాదు.

ఇంత చేశాక మట్టి నిజంగా చచ్చిందో లేదో తెలుసుకోవాలి కదా. దానికి ప్రయోగశాల అక్కర్లేదు. అచ్చమైన నూలు బనియను ఒకటి తీసుకుని, జానెడు లోతున పాతిపెట్టి, పైన గుర్తుకో పుల్ల గుచ్చి, అప్పుడప్పుడు తడపండి. రెండు నెలలయ్యాక తవ్వండి. కుట్లు, లేబులు తప్ప ఏమీ మిగలకపోతే కింద ఇంకా ఎవరో తిని తిరుగుతున్నారన్నమాట, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. బనియను బనియనులాగే బయటికొస్తే మీరు గెలిచారు. ఉతికి ఆరేసి తొడుక్కోండి.