మిరపకాయల తారతమ్య పరీక్ష: నిపుణులు కాదలచినవారికి సూచనలు

ఎండుమిరపకాయలను ప్రాంతాల వారీగా పక్కపక్కన పెట్టి, రుచికీ విలువకీ మార్కులు వేయడం సాధనతో వచ్చే విద్య. ఇందులో రాణించాలనుకునేవారు ముందుగా మిరపకాయ తినడం మానుకోవాలి. గుంటూరు మిర్చి యార్డులో సీజన్లో వేల టిక్కీలకు, అంటే కాయ నింపిన గోనె సంచులకు, ధర కట్టే కొనుగోలుదారులు కాయను నోట్లో పెట్టుకోరు. గోనె సంచి కోసి, చెయ్యి లోపలికంటా పోనిచ్చి గుప్పెడు కాయలు పైకి లాగుతారు. ఒకదాన్ని నడిమికి విరిచి లోపలి రంగు చూస్తారు, ఇంకోదాన్ని చెవి దగ్గర ఆడించి గింజ చప్పుడు వింటారు, మిగతావి అక్కడే వదిలేసి ఒక అంకె చెప్పి పక్క టిక్కీకి నడుస్తారు. రైతు ఏడాది కష్టానికి మార్కులు పడిపోయినట్టే. చూడటానికి తీసిన ఈ కాయలు మచ్చు. మచ్చు ఖర్చు రైతుదే కాబట్టి, కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటే చవకైన బడి దొరకదు.

పరీక్షకు కనీసం నాలుగు పేర్లు కావాలి. గుంటూరు సన్నం, కర్ణాటకలోని హావేరి జిల్లా బ్యాడిగ, వరంగల్ చపాటా, తేజ. మొదటి మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. బ్యాడిగకు 2011లో, చపాటాకు 2025లో వచ్చింది. తేజ అనేది ఊరు కాదు, రకం. ఖమ్మం నుంచి పల్నాడు దాకా ఎక్కడైనా పండుతుంది. ఈ సంగతి పరీక్షలో ప్రస్తావించకపోవడం మర్యాద.

ప్రాంతం పేరు మీద నిపుణుడికి అచంచలమైన నమ్మకం ఉండాలి. ప్రకాశం వైపు నల్లరేగడిలో పండిన కాయ లారీ ఎక్కి యార్డు గేటు దాటగానే గుంటూరు కాయ అవుతుంది. కర్నూలు నుంచి, తెలంగాణ నుంచి, బళ్లారి వైపు నుంచి వచ్చే సరుకుకూ అదే గేటు, అదే నామకరణం. ఎదురు దిశలోనూ ఈ మహిమ పనిచేస్తుంది. విత్తనం కంపెనీ ప్యాకెట్లోది, నేల పల్నాడుది, నీరు సాగర్ కుడి కాలువది, పేరు మాత్రం బ్యాడిగ. అలాంటి కాయను చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకుని "హావేరి మట్టి వాసన తెలుస్తోంది" అనగలిగినవారికి ఈ రంగంలో తిరుగుండదు. ఆ సమయంలో పండించిన రైతు పక్కన లేకుండా చూసుకోవాలి.

పేర్లు కప్పేసి పరీక్ష పెట్టే దుస్సాహసం మాత్రం కూడదు. ద్రాక్షసారాయి నిపుణులు 1976 మే 24న పారిస్‌లో ఆ పొరపాటు చేశారు. స్టీవెన్ స్పరియర్ అనే వ్యాపారి సీసాల మీది పేర్లు కనబడకుండా చేసి ఫ్రెంచి న్యాయనిర్ణేతల ముందు పెడితే, కాబర్నే రకంలో బోర్డో ప్రాంతపు మహామహులను తోసిరాజని కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973 నాటి సరుకు నెగ్గింది. సన్నం రాశుల్లో పర్చూరు కాయేదో, క్రోసూరు కాయేదో చీటీ తీసేసి చెప్పమంటే ఏమవుతుందో ఊహించుకుని, ముందే చీటీలు పెద్ద అక్షరాలతో రాసుకోవాలి.

తరువాతది చూపు. సన్నం పొడుగ్గా, మందమైన తొక్కతో ఉంటుంది. బ్యాడిగ ముడతలు పడి ఎండిపోయిన తీగలా కనిపిస్తుంది. చపాటా పొట్టిగా, లావుగా, టమాటా పోలికతో ఉంటుంది. రంగుకు అమెరికా సుగంధ ద్రవ్యాల వర్తకుల సంఘం ఒక కొలమానం పెట్టింది. దాని ప్రకారం సన్నానికి 32 వస్తే బ్యాడిగకు 150 దాటుతుంది. నాలుకకు రంగు తెలియదు, కానీ ధరకు తెలుస్తుంది.

రంగు ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ పోతుందో తెలుసుకోవాలంటే కల్లానికి వెళ్లాలి. నిపుణుడు వెళ్లడు కాబట్టి ఇక్కడ చెప్పవలసి వస్తోంది. కోసిన పండుకాయను కల్లంలో పరిచి రోజుల తరబడి ఎండబెడతారు. పొద్దున పరచడం, మధ్యలో తిరగబోయడం, పొద్దు వాలేసరికి కుప్ప చేసి పట్టా కప్పడం. పట్టా కప్పడం ఒక్క రాత్రి మరిస్తే మంచు పడి నిమ్ము ఎక్కుతుంది. ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఒక్క అకాల వాన పడితే కాయ మచ్చలు పడి తాలులో చేరుతుంది. సరిగ్గా ఎండిన కాయ మళ్లీ ఇంకో చిక్కు తెస్తుంది: ముట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది. అందుకే తెల్లవారుజామున మంచు పదును మీద, కాయ కాస్త మెత్తబడ్డప్పుడు, తొక్కి టిక్కీలు నింపుతారు. ఆ పదును ఎక్కువైతే యార్డులో "నిమ్ముంది" అని తగ్గిస్తారు, తక్కువైతే "పొడి రాలుతోంది" అని తగ్గిస్తారు. పరీక్షకుడు ఈ రెండు మాటలూ కంఠస్థం చేస్తే చాలు, ఏ కాయకైనా సరిపోతాయి.

వాసన పరీక్షకు ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు. తుమ్మినవాడు పొరుగూరివాడు, తుమ్మనివాడు యార్డు ముఠా కూలీ.

ఇక కారం. దీన్ని కొలిచే పద్ధతిని విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు 1912లో కనిపెట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్లలో కలిపి పలుచన చేస్తూ పోవాలి. ఐదుగురు రుచి చూస్తారు. వారిలో ముగ్గురికి మంట తెలియకుండా పోయేదాకా ఎన్ని రెట్లు పలుచన చేశారో అదే కారం అంకె. సన్నానికి అది 35 వేల నుంచి 40 వేలు, తేజ మంచి కాయకు లక్షకు దగ్గర. అస్సాం భూత్ జొలోకియా 10 లక్షలు దాటి 2007లో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇప్పుడు యంత్రాలు కొలుస్తున్నాయి గానీ, పాత పద్ధతినే వాడదలిస్తే ఐదుగురినీ ఎక్కడి నుంచి తెస్తారన్నది ముఖ్యం. గుంటూరు జిల్లా పెదనందిపాడు నుంచి తెస్తే మొదటి గుక్కలోనే "ఇందులో కారమే లేదు" అని తేలిపోయి ప్రయోగం ముగుస్తుంది.

ఈ దశలో పరువు దక్కించుకునే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. కారం తగ్గించాలంటే గింజలు దులిపేయాలని గట్టిగా చెప్పాలి. మంటకు మూలమైన క్యాప్సైసిన్ అసలు ఉండేది గింజలు అంటుకునే తెల్లటి పొరలో. గింజకు ఉన్నది దాన్ని రాసుకోవడం వల్ల వచ్చినదే. నోరు మండితే మంచినీళ్లు తాగాలి. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు కాబట్టి మంట నోరంతా సమంగా పరుచుకుంటుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, చూసేవారికి అనుభూతి లోతుగా కనిపిస్తుంది. చిక్కటి మజ్జిగ తాగితే పాల మాంసకృత్తులు మంటను పట్టి లాక్కుపోతాయి, కానీ నిపుణుడి స్థాయికి అది తగదు. వేడినీ కారాన్నీ ఒకే గ్రాహకం పసిగడుతుందని తేల్చినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ పంచారు. అంటే కారం రుచి కాదు, కాలడం. రుచి పరీక్ష పేరుతో ఇప్పటిదాకా జరిగింది నొప్పి పరీక్ష అని ఎవరైనా అంటే వారిని మళ్లీ పిలవకూడదు.

ఇళ్లలో జరిగే పరీక్ష వేరు, దానికి మార్కులుండవు. గొడ్డు కారం దంచేవారు సన్నం కాయను ఏరుకుంటారు. మందమైన తొక్క ఉప్పు, వెల్లుల్లితో కలిసి వేడన్నం, నెయ్యిలో ముద్దకు అందుతుంది. ఒట్టి తేజతో దంచితే మంటే తప్ప కారం తిన్నట్టుండదు. ఆవకాయ సమయానికి రంగు కోసం ఒక రకం, ఘాటు కోసం ఒక రకం కలిపి, తొడిమలు తీసి, ఎండబెట్టి, మరకు తీసుకెళ్లి, ముందువారి కారం తమదాంట్లో కలవకుండా దగ్గరుండి పట్టించుకుంటారు. రెండు ప్రాంతాల కాయలు కలపడం తారతమ్య పరీక్షకు విరుద్ధం కాబట్టి ఈ పద్ధతిని నిపుణులు గుర్తించరు.

విలువ లెక్క చివరిది, అన్నిటికంటే తేలిక. రూపాయికి ఎంత కారం వస్తుందని భాగించి చూస్తే తేజను మించింది లేదు; బ్యాడిగ, చపాటా అట్టడుగున ఉంటాయి. మార్కెట్లో మాత్రం ఘాటు లేని ఆ రెండూ తరచు పై ధరలో ఉంటాయి. కొనేది నాలుక కోసం కాదు. బ్యాడిగ నుంచి తీసే ఎర్రటి సారం (ఓలియోరెజిన్) ఆహార పరిశ్రమకే కాక గోళ్ల రంగుకూ పెదవుల రంగుకూ పోతుంది.

కాలాన్ని బట్టి కూడా రుచి మారుతుందని గమనించాలి. 2021-22లో నల్ల తామర పురుగు తోటలకు తోటలనే ఊడ్చిపెట్టింది. పంట తగ్గిన కొద్దీ మిగిలిన కాయ మహా రుచిగా తయారై, 2023లో తేజ క్వింటా 20 వేలు దాటింది. ఆ రుచి చూసి అందరూ మిరప వేశారు. 2025 ఫిబ్రవరికి కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయవలసి వచ్చింది. రెండేళ్లలో రుచి సగానికి పడిపోయిందని నిపుణుడు నిస్సంకోచంగా నిర్ధారించవచ్చు. రుచి పెంచే ఎరువుగా తామర పురుగును సిఫారసు చేసే పత్రం ఇంకా ఎవరూ రాయలేదు. వేసవి తరువాత అదే కాయ శీతల గిడ్డంగికి చేరి "ఏసీ సరుకు" అవుతుంది. రంగు నిలుస్తుంది, అద్దె పెరుగుతుంది, పెట్టుబడికి తెచ్చిన అప్పు వడ్డీ అందులోనే చల్లగా పెరుగుతుంది.

కాయల దాకా పోలేనివారు పొడితో సరిపెట్టుకోవచ్చు. ఎంత ఎర్రగా ఉంటే అంత మేలురకం అనుకోవాలి. 2003లో యూరప్‌లో భారత్ నుంచి వెళ్లిన కారంలో సుడాన్ అనే కృత్రిమ రంగు బయటపడింది, 2005లో బ్రిటన్ వందల సరుకులను దుకాణాల నుంచి వెనక్కి రప్పించింది. రంగు విషయంలో వాటికి సాటి వచ్చేవి లేవు. గ్లాసు నీళ్ల మీద చిటికెడు కారం చల్లి ఎర్రటి చారలు కిందికి దిగుతున్నాయేమో చూడమని ఆహార భద్రతా సంస్థ చెప్తుంది గానీ, ఆ పరీక్ష వల్ల ఇంట్లో కారం మిగలకపోవచ్చు.

ఆఖరుగా తాలు. ధరల పట్టికలో అన్నిటికంటే కింద ఉండే తెల్లబారిన, మచ్చలు పడిన కాయ ఇది. రంగు పోయినంత మాత్రాన ఘాటంతా పోదు కాబట్టి దీనికీ ధర ఉంది, కొనేవారూ ఉన్నారు. పొడి అయిన తరువాత అది ఎవరి పళ్లెంలోకి వెళ్లిందో రంగుతో గానీ, వాసనతో గానీ, నాలుకతో గానీ చెప్పగలవారు నిపుణుల్లో ఇంతవరకు లేరు. రోజూ మర దగ్గర నిలబడే ఆడవాళ్లలో ఉండవచ్చు.