ఎందుకైనా మంచిది!

పెళ్లి భోజనం చేసిన మర్నాడు కడుపు కదిలితే తెలుగువాడు వెతికేది డాక్టర్ని కాదు, చెప్పుల్ని. వీధి చివర మెడికల్ షాపు ఉండనే ఉంది. కౌంటరు వెనక కుర్రాడు మొన్నటిదాకా సెల్‌ఫోన్ కవర్లు అమ్మి ఉండొచ్చు. అయినా "అన్నా, మోషన్స్" అన్న మాట చెవిన పడగానే రోగ నిర్ధారణ, వైద్యం, బిల్లు మూడూ అర నిమిషంలో తేల్చేస్తాడు. ఎన్నిసార్లు వెళ్లారు, రక్తం పడుతోందా, జ్వరం ఉందా అని అడగడు. అడిగితే గిరాకీ పక్క షాపుకి పోతుంది. కత్తెర తీసి స్ట్రిప్పులోంచి నాలుగు మాత్రలు కోసి ఇస్తాడు. ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ ఒకే పొట్టలో కాపురం చేసే మాత్రలవి.

ఆ జోడీని కలిపిన మహానుభావుడి దూరదృష్టికి దణ్ణం పెట్టాలి. ఒకటి బాక్టీరియా మీదికి, రెండోది అమీబా మీదికి. ఆ రెండు క్రిములూ ఒకేసారి ఒకే కడుపులో దూరడం అరుదు. చాలా విరేచనాలకు కారణం అసలు వైరస్సే, దాన్ని ఈ రెండూ ఏమీ చేయలేవు. ఈ సంగతి చెప్పి చూడండి. "ఎందుకైనా మంచిది సార్" అంటాడు కుర్రాడు. మన జిల్లాల్లో వైద్యం నడుస్తున్నది ఈ ఒక్క సూత్రం మీదే.

మూడో రోజుకి తగ్గిపోతుంది. మాత్ర మింగకపోయినా తగ్గేదే. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ విని నవ్వుకున్నవాళ్లమే, ఆ మాత్రకు మాత్రం హారతి పడతాం. ముసలమ్మ నయం, ఆవిడ కోడి వల్ల ఎవరికీ నష్టం లేదు.

మాత్ర వల్ల ఉంది. మన పేగుల్లో లక్షల కోట్ల బాక్టీరియా మన మానాన మనల్ని బతకనిస్తూ ఉంటాయి. మాత్ర పడగానే అమాయకమైనవి చచ్చిపోతాయి. మందుకు లొంగని ఇ.కొలై నాలుగు మిగిలితే చాలు, ఖాళీ అయిన జాగా అంతా వాటిదే. అవి అక్కడితో ఆగవు. మందును తట్టుకునే విద్య రాసి ఉన్న ప్లాస్మిడ్ అనే డీఎన్ఏ ముక్కను పక్కవాటికి పంచుతాయి. పక్కనున్నది తమ జాతిదా, పరజాతిదా అని చూడవు. కులం పట్టింపు మనకే గానీ బాక్టీరియాకు లేదు.

ఇంకా తమాషా ఏమిటంటే, యాంటీబయాటిక్ వల్లే విరేచనాలు రావచ్చు. అప్పుడు మళ్లీ అదే కౌంటరుకు వెళ్లి "ఇది పని చేయలేదన్నా, పవర్ ఉన్నది ఇవ్వు" అంటాం. మామూలు ఫుడ్ పాయిజనింగ్ తెచ్చే సాల్మొనెల్లా మీద ఈ మందు ప్రయోగిస్తే ఆ క్రిమి మలంలో ఇంకొన్ని రోజులు ఎక్కువే పడుతుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. అంటే డబ్బిచ్చి మరీ దాన్ని ఇంట్లో ఉంచుకోవడం.

చట్టం లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదన్నది షెడ్యూల్ హెచ్ నాటి మాట. అది చాలడం లేదని 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 తెచ్చారు. సెఫిక్సైమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి 46 మందులకు వేరే రిజిస్టరు పెట్టాలి, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు ఎక్కించాలి, మూడేళ్లు దాచాలి. స్ట్రిప్పుల మీద ఎర్ర గీత కూడా వచ్చింది. ఆ గీత చూసి ఆగినవాడు నాకు ఇంతవరకూ కనబడలేదు. పవర్ ఉన్న మందుకు అది గుర్తని నమ్మేవాళ్లు మాత్రం కనబడ్డారు.

ఇక ఊళ్లో జ్వరం అంటే టైఫాయిడే. దాన్ని తేల్చడానికి చేసే వైడాల్ పరీక్ష 1896 నాటిది. ఎప్పుడో సోకిన జబ్బుకీ, వేయించుకున్న టీకాకీ, వేరే ఇన్ఫెక్షన్‌కీ కూడా అది పాజిటివ్ చూపించగలదు. నిజం తెలియాలంటే మందు మొదలుపెట్టక ముందే రక్తం కల్చర్‌కు పంపాలి, రోజులు ఆగాలి. ఆగేదెవరు? ఊరి వైద్యుడు ఆర్ఎంపీ గారు సెలైన్ తగిలించి, అందులోకి పసుపు రంగు విటమిన్ ఎక్కించి, సెఫ్ట్రియాక్సోన్ సూది పొడుస్తారు. వారం తర్వాత మళ్లీ వైడాల్. ఆ పరీక్ష పట్టే యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి కాబట్టి మళ్లీ పాజిటివ్, "రక్తంలో ఇంకా టైఫాయిడ్ ఉంది" అని మళ్లీ కోర్సు. నిజమైన టైఫాయిడ్ క్రిమి ఈ తతంగమంతా చూస్తూ చదువుకుంటోంది. క్లోరాంఫెనికాల్ 1948లో వచ్చింది, 1972 నాటికి కోజికోడ్‌లో అది పని చేయని టైఫాయిడ్ బయటపడింది. తర్వాత వచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ వర్గం ఇప్పుడు మన దేశంలో దొరికే టైఫాయిడ్ క్రిముల్లో నూటికి 90కి పైగా వాటి మీద సరిగ్గా పని చేయదు.

షాపు కుర్రాణ్ణీ, ఆర్ఎంపీనీ మాత్రమే ఆడిపోసుకోవడం అన్యాయం. వాళ్లు మాత్రల లెక్కన ఇస్తున్నారు, హైదరాబాద్ శివారు పటాన్‌చెరు కిలోల లెక్కన పోసింది. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో లెక్క చెప్పారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఒక్కరోజులో అలా పోయిన మందు 45 కిలోలు, స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడేంత. శుద్ధి చేశాక సంగతి ఇది. ఆ నీళ్లు కలిసిన వాగులోని బాక్టీరియాకు చీటీ అక్కర్లేకుండా, బిల్లు లేకుండా ఉచిత వైద్యం. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితి పెడతామని కేంద్రం 2020లో ముసాయిదా వేసింది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులే మాయమయ్యాయి. ఎందుకైనా మంచిదనుకున్నారేమో.

పౌరుషానికి మాత్రం కొదవ లేదు. 2010లో మొండి బాక్టీరియాలోని ఒక ఎంజైముకు న్యూఢిల్లీ పేరు తగిలించారని పార్లమెంటు దాకా మండిపడ్డాం. మరుసటి ఏడాది ఢిల్లీ కుళాయి నీళ్లలోనే ఆ ఎంజైము తాలూకు జన్యువు దొరికింది. పేరు మార్చమన్నంత గట్టిగా నీళ్లు మార్చమని అడిగినవాళ్లు లేరు.

ఇంతకీ విరేచనాలకు మందే లేదా అంటే, ఉంది. చవక కాబట్టి గౌరవం లేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలితే, బనగావ్‌లో సెలైన్ సీసాలు అయిపోయి, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు డ్రమ్ములతో తాగించారు. నూటికి 30 మంది చనిపోతున్నచోట ఆ సంఖ్య 4 లోపుకు దిగింది. అదే ఓఆర్ఎస్. దాన్నీ మనం వదల్లేదు. పేరులో ఓఆర్ఎస్ తగిలించిన చక్కెర నీళ్లు డబ్బాల్లో అమ్ముకున్నారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో గానీ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఖరాఖండిగా చెప్పలేదు.

మన 'ఎందుకైనా మంచిది' వైద్యం సముద్రాలు కూడా దాటింది. అమెరికా వెళ్లే అమ్మానాన్నల సూట్‌కేసులో ఆవకాయ పక్కన అజిత్రోమైసిన్ స్ట్రిప్పులు ఉంటాయి. "అక్కడి డాక్టర్లకేం తెలుసు, నీళ్లు తాగమంటారు" అని బాధపడుతుంది తల్లి. నీళ్లు తాగమన్నవాడు చదువుకున్నవాడని ఆవిడకు చెప్పేదెవరు?

పాకిస్తాన్ సింధు ప్రాంతంలోనూ ఒక హైదరాబాద్ ఉంది. 2016లో అక్కడ సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ పుట్టుకొచ్చింది. మందును తట్టుకునే ఆ విద్య దానికి ఇ.కొలై నుంచే అంది ఉంటుందని జన్యు పరీక్షలు చెప్పాయి. మన హైదరాబాద్‌లో తయారైన టీకాను 2019లో అక్కడి పిల్లలకు ఉచితంగా వేయడం మొదలుపెట్టారు. ఆ టైఫాయిడ్ మీద నోటితో వేసుకునే మందుల్లో నమ్మదగింది ఇక అజిత్రోమైసిన్ ఒక్కటే. మన హైదరాబాద్‌లో దాన్ని జలుబుకి వేసుకుంటున్నాం.