మూడుల్ సారు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఈ మూడింట్లో ఏ ఊరి డిగ్రీ కాలేజీకి పోయినా ఒక మూడుల్ సారు తగిలే అవకాశం ఉంది. కొలువు కంప్యూటర్ సైన్స్ లెక్చరర్‌ది. ఎప్పుడో ప్రిన్సిపాల్ గదిలో ప్రింటర్ బాగుచేసిన పాపానికి కాలేజీ సర్వరు ఆయన మెడకు చుట్టుకుంది. ఆర్డరు కాగితం లేదు, అలవెన్సు అసలే లేదు.

పాఠాలూ అసైన్‌మెంట్లూ ఆన్‌లైన్‌లో నడిపే మూడుల్ సాఫ్ట్‌వేర్ ఉచితమని ప్రిన్సిపాల్‌కు ఎవరో చెప్పారు. నిజమే. 2002లో మార్టిన్ డూగియామస్ అనే ఆస్ట్రేలియా ఆయన విడుదల చేసిన నాటి నుంచీ ఎవరైనా దింపుకొని వాడుకోవచ్చు. లైసెన్సు అంతా వెతికినా సారు నిద్ర సంగతి మాత్రం ఎక్కడా లేదు.

పిల్లలు అసైన్‌మెంటు ఫొటో తీసి పెడతారు. ఫొటో 5 ఎంబీ. మనం చెప్పకపోతే, మూడుల్‌ను నడిపే పీహెచ్‌పీ ఒప్పుకునేది 2 ఎంబీయే. "సార్, మూడుల్ తీస్కుంటలేదు" అని ఫోను. సారు ఆ అంకె పెంచుతాడు. మర్నాడు ఇంకొకడు ప్రాక్టికల్ మొత్తం వీడియో తీసి ఎక్కిస్తాడు. డిస్కు నిండుతుంది.

క్రాన్ అంటే సారుకు ప్రాణం. నిమిషానికోసారి లేచి, మెయిళ్లు పంపి, చెత్త ఊడ్చి పడుకునే ప్రోగ్రాం అది. ఆగితే కాలేజీలో ఎవరికీ తెలియదు, సారుకు మాత్రం అన్నం సహించదు.

"ఏమైంది, ఎవరన్న పోయిండ్రా?" అంటుంది ఇంటావిడ.

"క్రాన్ పోయింది."

అప్‌గ్రేడ్‌కు ఆయన ముహూర్తం రెండో శనివారం. డేటాబేస్, మూడుల్‌డేటా ఫోల్డరు, కోడు, అన్నీ రెండేసి డిస్కుల్లోకి కాపీ. తీరా చూస్తే 4.5 వెర్షన్‌కు పీహెచ్‌పీ 8.1 కావాలి, దానికి కొత్త ఉబుంటు కావాలి. తెల్లారేసరికి సర్వరులో పాతది డబ్బా ఒక్కటే.

కాలేజీల నాణ్యత తూచే న్యాక్ బృందం వస్తుందంటే అసలు పండగ. అన్నాళ్లూ లాగిన్ మొహం చూడని లెక్చరర్లంతా ముందురాత్రి నోట్సు ఎక్కించడానికి ఎగబడతారు.

"మన మూడుల్ ఎందుకింత స్లో?" అంటాడు ప్రిన్సిపాల్.

"ఇయ్యాలనే వాడుతున్నరు సార్."

నన్నడిగితే, న్యాక్ వాళ్లకు చూపించాల్సింది ఈయన్నే.

మీ కాలేజీలో ఇలాంటాయన ఉంటే, పాస్‌వర్డ్ మరిచిపోయామని రాత్రి పదకొండింటికి ఫోన్ చేయకండి. దానికి లాగిన్ పేజీలోనే లింకు ఉంది. మెయిలు స్పాములో కూడా వెతకండి.