పదునెనిమిది వందలు మాత్రమే
(టీకా తాత్పర్య సహితము)

అవతారిక.

మా కరీంనగర్‌లో వాడకట్టుకో యువజన సంఘం ఉంటుంది. పిల్లలు మంచివాళ్ళే. వినాయకుణ్ణి కూచోబెడతారు, రక్తం కావాలంటే ఆస్పత్రికి ఉరుకుతారు, ఎవరింట్లో చావైనా టెంటు వాళ్ళే వేస్తారు. మాట్లాడితే మనలాగే మాట్లాడతారు. ప్రకటన రాయమంటేనే వాళ్ళను ఏదో పూనుతుంది. నోటితో "రేపు పోదాం పా" అనే పోరడు, రాతలోకి వచ్చేసరికి "విచ్చేయవలసినదిగా కోరనైనది" అంటాడు. మొన్న మా సంఘం వాట్సాప్ గ్రూపులో అలాంటిదే ఒకటి వెలువడింది. చదివినకొద్దీ అర్థం దూరమవుతున్నది గనుక ఇది వ్యాఖ్యానార్హమని తేల్చుకున్నాను. సులభమైన చోట విస్తరించడం, ఇబ్బందైన చోట "స్పష్టము" అని దాటిపోవడం పూర్వ వ్యాఖ్యాతలు మాకు వదిలిపోయిన సౌకర్యం.

మూలం.

"మన యువతలోని నిగూఢ ప్రతిభను వెలికితీయు సదుద్దేశముతో, అందరికీ అందుబాటులోనుండు వ్యయముతో, భాగ్యనగరమునందలి సుప్రసిద్ధ థీమ్ పార్కునకు ఏకదిన విజ్ఞాన విహారయాత్ర జరుప కార్యవర్గము ఏకగ్రీవముగా తీర్మానించినది. తలకు పదునెనిమిది వందలు మాత్రమే. ఇతర ఖర్చులు ఎవరివి వారే. ఆదివారము ఉదయము నాలుగు గంటలకు పెద్దలు జెండా ఊపెదరు."

టీక.

నిగూఢ ప్రతిభను: ఇంతవరకు ఎవరికీ కనబడని ప్రతిభను. నీళ్ళ జారుడుబండ మీద వెల్లకిలా జారితే అది బయటపడుతుందని కార్యవర్గం నమ్మకం.

అందుబాటులోనుండు వ్యయముతో: స్పష్టము.

భాగ్యనగరమునందలి: నగరం లోపల ఉన్న. కానీ పార్కులు నగరం లోపల లేవు. 2016లో తెరిచిన వండర్లా రావిర్యాల దగ్గర ఉంది. రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ తొవ్వలో ఉంది. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద సిద్దిపేట దాటి పోతే మనం నగరానికి ఉత్తరాన షామీర్‌పేట దగ్గర తేలుతాం. ఆ పార్కు దక్షిణాన, ఈ పార్కు తూర్పున. అంటే 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డులో పెద్ద ముక్కే చుట్టాలి. హైదరాబాదు నూటఅరవై చిల్లర కిలోమీటర్లే కదా అని బస్సు బేరమాడిన కోశాధికారి ఈ ప్రదక్షిణం లెక్కలో వేసుకోలేదు. యాత్రకు ఆదిలాబాదు నుంచి కలుస్తామన్న చుట్టాల పిల్లలకైతే 44వ నంబరు జాతీయ రహదారి మీద మూడువందల కిలోమీటర్లు. వాళ్ళ ఏకదినం ముందురోజు రాత్రి బువ్వతోనే మొదలవుతుంది.

విహారయాత్ర: ఇక్కడ కొంచెం ఆగాలి. యాత్రా ప్రణాళిక ఎట్లా రాయాలో మనకు కాళిదాసు ఎప్పుడో చూపించిపోయాడు. మేఘదూతం విరహకావ్యమని పాఠాల్లో చెప్తారు గానీ, దాని పూర్వభాగం నిండా తొవ్వ చెప్పడమే. కొలువులో ఏమరుపాటుకు కుబేరుడు ఏడాది శాపం పెట్టగా రామగిరి మీద పడి ఉన్న యక్షుడు, ఆషాఢంలో ఒక మబ్బును ఆపి అలకాపురికి దారి చెప్తాడు. ఎక్కడ అలసట తీర్చుకోవాలి, బక్కచిక్కితే ఏ నది నీళ్ళు తాగాలి, ఏ కొండ ఆదరిస్తుంది, అన్నీ వరసగా చెప్తాడు. ఆమ్రకూటం, రేవ, విదిశ. ఉజ్జయినికి దారి వంకరైనా సరే, చూడకుండా పోతే నీ కళ్ళు దండగ అన్నట్టు చెప్తాడు. మబ్బుకు టికెట్టు లేదు, లాకరు లేదు, బయటి తిండి తేరాదన్న బోర్డు లేదు. దానికి ఖర్చయ్యేది వానే, అదీ పోయినచోటల్లా దానమే.

ఇక దీనికి వ్యాఖ్య రాసినవాడు మనవాడే. మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథసూరి. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష. ఘంటాపథమంటే రాజమార్గం గనుక మన రాష్ట్రంలో రహదారికి శంకుస్థాపన చేసిన మొదటి పెద్దమనిషి ఆయనేనని నా వాదం. ఆయన ఆ రామగిరిని చిత్రకూటమన్నాడు. తర్వాతి పండితులు చాలామంది నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అన్నారు. పెద్దపల్లి జిల్లాలో రామగిరి ఖిల్లా అంత ఎత్తున మూలికలతో సహా నిలబడి ఉంటే ఈ ఊహాగానాలెందుకో తెలియదు. మెదక్ వాళ్ళకు కరీంనగర్ మీద మొదటినుంచీ చిన్నచూపు అనుకోవాలి. మా రామగిరి నుంచి మబ్బు ఉత్తరానికి బయల్దేరి కాస్త ఎడమకు ఒరిగితే ఆదిలాబాదు అడవి వస్తుంది. అక్కడ కడెం వాగు మీద నలభై అయిదు మీటర్ల ఎత్తు నుంచి దూకే కుంటాల జలపాతం. ఆ పేరు శకుంతల నుంచి వచ్చిందని అక్కడివాళ్ళ నమ్మకం. శకుంతలను ఎరిగిన కవికి కుంటాల తెలియదనడం అన్యాయం. కాబట్టి మబ్బు మొదట నీళ్ళు తాగింది కుంటాలలోనే. ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని మల్లినాథుడు ప్రతిజ్ఞ చేశాడు. నేనేమీ చేయలేదు.

ఒక్క మాట మాత్రం వ్యాఖ్యానం కాదు. కుంటాలకు టికెట్టు తక్కువ కదా అని పిల్లలను తీసుకుపోయి గుండంలో దింపకండి. అట్లా దిగి పైకి రానివాళ్ళున్నారు.

ప్రకటన సంగతి మరిచాను. చెప్పొచ్చేదేమంటే, యక్షుడు ఒక మబ్బుకు చెప్పినపాటి వివరం మా కార్యవర్గం బస్సెడు మందికి చెప్పలేదు. బస్సు ఎక్కడ ఆగుతుంది? డ్రైవరుకు చాయ్ దొరికేచోటా, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉన్నచోటా? పోయినసారి యాత్రలో ఆడపిల్లలు దారి పొడుగునా నీళ్ళు తాగకుండా కూచున్నారు. ఎందుకని ఏ మగపిల్లవాడూ అడగలేదు.

విజ్ఞాన: అలంకారార్థకం.

ఏకగ్రీవముగా: అధ్యక్షుడు అన్నాడు, మిగతావాళ్ళు ఫోను చూసుకుంటున్నారు.

పదునెనిమిది వందలు మాత్రమే: ప్రకటనలో కల్లా బరువైన మాట "మాత్రమే". ఇది ఎవరి నోట వస్తుందన్నదాన్నిబట్టి అర్థం మారుతుంది. మా వాడకట్టులో సగం ఇళ్ళల్లో ఆడవాళ్ళు బీడీలు చుడతారు. వెయ్యి బీడీలకు వచ్చే కూలి ఎంతో కార్యవర్గంలో చాలామంది తల్లులకు తెలుసు. ఆ కూలితో పదునెనిమిది వందలను భాగించి చూడమని కోశాధికారికి మనవి.

ఆ మొత్తంలో పన్ను కలిసిందా అన్నది రెండో ప్రశ్న. ఇలాంటి పార్కుల ప్రవేశం మీద జీఎస్టీ 2017లో 28 శాతంతో మొదలై, 2018 జనవరిలో 18కి దిగింది. ప్రకటనలో తలకు ఎంతో ఉంది, పన్ను ఊసు లేదు. పన్నును "ఇతర ఖర్చుల"లోకి తోసే ఉద్దేశం ఉందేమోనని నా అనుమానం.

మూడోది, ఒకే టికెట్టు పద్ధతి. వేములవాడ శివరాత్రి జాతరలోనైనా, కేస్లాపూర్ నాగోబా జాతరలోనైనా ఎక్కిన రంగులరాట్నానికే పైసలు. జేబులో వంద ఉన్నవాడు ఒకసారి ఎక్కి, మిగిలినదానితో మిర్చిబజ్జీ తిని, ఎక్కినవాళ్ళ కేకలు ఉచితంగా వింటాడు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు కూడా లోపలికి ఒక టికెట్టు, ఆటకు ఆటకు వేరే పైసలు. ఆ తర్వాత వచ్చిన చీటీల పుస్తకాలు 1982 దాకా నడిచాయి. ఇప్పుడంతా ఒక్కటే టికెట్టు. అన్ని ఆటలూ ఎక్కేవాడికి అది లాభం. తల తిరిగేవాడు, ఎత్తుకు భయపడేవాడు, గీత దగ్గర నిలబెట్టి కొలిస్తే ఎత్తు చాలనివాడు, వీళ్ళంతా ఎక్కనిదానికి కూడా కడతారు. పెద్ద ఆటలకు చాలాచోట్ల 140 సెంటీమీటర్లు ఉండాలంటారు. మా సంఘంలో ఏడో తరగతి సభ్యులు కూడా ఉన్నారు.

ఇతర ఖర్చులు ఎవరివి వారే: స్పష్టము అందామనుకున్నాను, కానీ మనసొప్పలేదు. నిజానికి ప్రకటన అంతా ఈ ఒక్క వాక్యం కోసమే రాశారు. లోపలికి పోయాక సర్వపిండి, పులిహోర డబ్బాలు గేటు బయటే ఉండిపోతాయి. లోపల అన్నం కొనాలి. నూలు బట్టలతో నీళ్ళల్లోకి దిగనివ్వరు, డ్రెస్సు అద్దెకో కొనుక్కునో తేవాలి. సామాన్లకు లాకరు, దానికి అడ్వాన్సు. ఇవన్నీ కార్యవర్గానికి తెలుసు, పోయినేడు పోయి వచ్చారు. తెలిసి రాయలేదు, ఎందుకంటే రాస్తే మొత్తం రెండున్నర వేలవుతుంది, అప్పుడు "అందుబాటు" అన్న మాట నిలబడదు. పోయినేడు ఒక పిల్లవాడు పొద్దంతా నీళ్ళ కొలను గట్టున ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకొని అందరి చెప్పులకు కాపలా ఉన్నాడు. అడిగితే "నాకు నీళ్ళంటే భయం అన్నా" అన్నాడు. వానాకాలమంతా మానేరులో ఈత కొట్టేది వాడే.

ఆదివారము: పార్కుల్లో మామూలు రోజు కన్నా సెలవురోజు టికెట్టు ఎక్కువ, వరస పొడుగు. కాలేజీ పిల్లలు ఒక్క మంగళవారం క్లాసు మానితే తలకు కొంత తగ్గుతుంది. కానీ పెద్దలకు ఆదివారమే తీరిక.

నాలుగు గంటలకు: ఈ కాలం మీద వ్యాఖ్యాతల్లో భేదాభిప్రాయం ఉంది. పిల్లలకు నాలుగంటే నాలుగే. పెద్దలకు ఏడు. పార్కు గేటు తెరిచేది పదకొండు ప్రాంతంలో కాబట్టి ఏడింటికి బయల్దేరితే ఉదయం పూట కొంతే పోతుంది. మూడు గంటలు వీధిలో చలికి వణికేది మాత్రం పిల్లలు.

జెండా ఊపెదరు: విహారయాత్రకు జెండా ఎందుకని అడగరాదు. జెండా ఉంటే పెద్దమనిషి ఉంటాడు, పెద్దమనిషి ఉంటే ఫ్లెక్సీ ఉండాలి. ఫ్లెక్సీ మీద పదకొండు ముఖాలు, వాటిలో బస్సు ఎక్కేవాళ్ళవి రెండు. ఆ ఫ్లెక్సీ, శాలువాలు, టిఫిన్లు ఏ ఖాతాలోవని అడిగితే "సంఘం నిధి" అన్నారు. సంఘం నిధి అంటే వినాయకుడి చందాలో మిగిలింది, అంటే ఆ బీడీల ఇళ్ళు కూడా ఇచ్చింది.

విశేషం.

మన రాష్ట్రంలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. సిటీ ఆర్డినరీలోనూ లేదు. మా గుంపులో సగం ఆడపిల్లలు. ఎక్స్‌ప్రెస్‌లో జూబ్లీ బస్‌స్టేషన్ దాకా, అక్కడినుంచి సిటీ బస్సులు మారుతూ పోతే వాళ్ళ ప్రయాణం జీరో టికెట్టుతో అయిపోతుంది. రెండు మూడు చోట్ల దిగి ఎక్కాలి, గుంపును కాసుకోవాలి, అది కష్టమే. కనీసం ఆ లెక్క వేసి పిల్లల ముందు పెట్టవచ్చు. కార్యవర్గం మాట్లాడింది ప్రైవేటు బస్సు. దానికి ఫ్లెక్సీ కట్టవచ్చు.

తాత్పర్యం.

సంఘం పెద్దలారా, తమ్ముళ్ళారా. "విజ్ఞాన విహారయాత్ర" తీసేసి "ఆడుకోను పోతున్నం" అని రాయండి. మొదటి వాక్యంలోనే బస్సు, టికెట్టు, పన్ను, అన్నం, డ్రెస్సు, లాకరు కలిపి మొత్తం ఎంతో వేయండి. ఆదివారం మార్చుకోండి, పార్కువాళ్ళను గుంపు రాయితీ గట్టిగా అడగండి. జెండా, ఫ్లెక్సీ మానండి. ఆ మిగిలిన పైసలతో పోలేనివాళ్ళ వాటా కట్టండి. ఎవరి వాటా కట్టారో మాత్రం గ్రూపులో పెట్టకండి.